జారిపడినవారి లెక్క, షారోన్ కోర్సు

పెళ్లి భోజనాల్లో ఎవరైనా నన్ను "ఆసుపత్రిలో చేసేవారు" అని పరిచయం చేస్తే పక్క కుర్చీ ఆయన వెంటనే తన మోకాలు చూపిస్తాడు. నేను డాక్టర్ని కానని, మెడికల్ రికార్డుల విభాగంలో పనిచేసి మానేశానని చెబితే మోకాలు వెనక్కి తీసుకుంటాడు. కాసేపాగి, "మా అమ్మాయిది బీఎస్సీ అయిపోయింది. ఆ మెడికల్ కోడింగో ఏదో ఉందట కదా, ఎక్కడ చేర్పించమంటారు?" అంటాడు. మోకాలి గురించి నేనేమీ చెప్పలేను. రెండోదానికి చెప్పగలను గానీ, అది సాంబారు వచ్చేలోపు అయ్యే జవాబు కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ పనేమిటో చెప్పాలి. రోగి ఇంటికి వెళ్లిపోయాక అతని కేసు షీటు మా దగ్గరికి వస్తుంది. అన్ని పేజీలూ ఉన్నాయా, డాక్టర్ సంతకం ఉందా, ఎడమ కాలికి ఆపరేషన్ చేసి కుడి కాలు అని రాశారా, ఇవన్నీ చూస్తాం. ప్రతి జబ్బుకీ, ప్రతి గాయానికీ, ఆ గాయం తగిలిన కారణానికీ లావుపాటి పుస్తకంలో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె వెతికి వేస్తాం. అదే కోడింగు. హైటెక్ సిటీలో అద్దాల మేడల్లో కూర్చున్న పిల్లలు అమెరికా రోగుల షీట్లకు వేసేవీ ఇలాంటి అంకెలే. ఏసీ ఎక్కువ, దుమ్ము తక్కువ, అంతే తేడా.

నేను దీన్ని ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు. డిగ్రీ మధ్యలో ఆపేసి కడప పక్కన ఒక సిమెంటు గోడౌనులో బస్తాలు లెక్కబెట్టేవాణ్ణి. గచ్చిబౌలిలో కొత్త ఆసుపత్రి కడుతున్నప్పుడు సిమెంటుతో పాటు వచ్చి, కట్టడం అయిపోయాక సిమెంటులాగే అక్కడే గట్టిపడ్డాను. రికార్డుల గదిలో వేశారు. లావు పుస్తకాన్ని సొంతంగా చదువుకున్నాను. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. రెండే వచ్చాయి. రెండింటికీ కుర్చీ మారలేదు.

బాత్రూముల గ్రాఫు

ఇది రాష్ట్రం విడిపోక ముందు సంగతి. ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి వంటావార్పు అన్నట్టు ఉండేది. ఆఫీసు బస్సులు ఏ రోజు తిరుగుతాయో తెలియక, ఐటీ కంపెనీల పిల్లలు పొద్దున్నే ఒకరికొకరు ఫోన్లు చేసుకుని గానీ స్నానం చేసేవారు కాదు.

మా అడ్మినిస్ట్రేటరు ప్రసాద్ గారు. భీమవరం వైపు మనిషి. అంకెలు చదివితే ఆయనకు కునుకు వస్తుంది, బొమ్మ చూస్తే మెలకువ వస్తుంది. అందుకని నెలనెలా గాయాలతో వచ్చినవాళ్ల లెక్కని నేను బార్ గ్రాఫుగా గీసి ఇచ్చేవాణ్ణి. మామూలుగా రోడ్డు ప్రమాదాల కడ్డీ అన్నిటికంటే ఎత్తు. కట్టడం పనుల్లో పడ్డవాళ్లది దాని తర్వాత. ఇంట్లో బాత్రూములో జారిపడ్డవాళ్ల కడ్డీ ఓ మూల బుద్ధిగా, పొట్టిగా ఉండేది.

ఉద్యమం రోజుల్లో అది పెరగడం మొదలుపెట్టింది. కట్టడాలను దాటింది. రోడ్లను అందుకోబోయింది. నేనే లెక్క తప్పుగా కూడానేమోనని మళ్లీ కూడాను. అంతే వచ్చింది.

లెక్కల మనిషికి అంత తేలిగ్గా తృప్తి ఉండదు. షీట్లన్నీ మళ్లీ ముందేసుకున్నాను. బాత్రూములో జారేది సాధారణంగా ముసలివాళ్లు. వీళ్లలో ముసలివాడు ఒక్కడూ లేడు. అందరూ కుర్రాళ్లు, అందరూ విద్యార్థులు. వాన పడ్డ రోజున ఎవడూ జారలేదు, బంద్ రోజునే జారారు. ఒకే బాత్రూములో ఐదుగురు ఒకేసారి జారిన సందర్భం కూడా ఉంది. పైగా జారినవాడికి నడుమో మోచెయ్యో పోవాలి గదా. వీళ్లకు తొడల వెనక, వీపు మీద పక్కపక్కనే గీతల్లాగా వాతలు.

క్యాజువాలిటీలో డాక్టర్ నజీర్‌ని అడిగాను. ఆయన పాతబస్తీ మనిషి, కంగారన్నది తెలియని మనిషి. "లెక్కల్ సాబ్, పోరడు బాత్రూమంటే నేను బాత్రూమే రాస్త. వాని బాత్రూముల నేనున్ననా?" అన్నాడు. నాకింకా అనుమానం తీరలేదని చూసి, కట్టు కట్టించుకుంటున్న ఒక కుర్రాణ్ణి పిలిచాడు.

"ఏ బాత్రూముల పడ్డవ్ రా?"

"చౌరస్తా కాడి బాత్రూము సార్."

"ఎంతమంది జారిండ్రు?"

"మేం ముగ్గురం జారినం సార్. మిగిలినోళ్లు ఉరికిండ్రు."

అదీ సంగతి. లాఠీ దెబ్బ అని రాయిస్తే పోలీసులకు కబురు వెళ్తుంది, కేసవుతుంది, రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ కేసు అడ్డం వస్తుంది. అందుకని ఊళ్లో కుర్రాళ్లంతా కూడబలుక్కుని ఒకే మాట మీద నిలబడ్డారు. క్యాజువాలిటీలో స్ట్రెచర్ తోసేవాడి దాకా అందరికీ తెలుసు. పై అంతస్తులో కూర్చున్న నాకే చివరికి తెలిసింది.

గ్రాఫు మాత్రం అప్పటికే ప్రసాద్ గారి బల్ల మీదికి చేరిపోయింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "సుబ్బరాయుడు గారూ, మన ఏరియాలో బాత్రూములు ఇంత ప్రమాదకరంగా తయారయ్యాయా అండి?" అన్నారు. వారం తిరక్కుండా బాత్రూము భద్రతా వారోత్సవం ప్రకటించారు. లిఫ్టు పక్కన కడ్డీ పట్టుకుని నవ్వుతున్న ముసలమ్మ పోస్టరు వెలిసింది. రబ్బరు మ్యాట్లు లారీలో దిగాయి. జారిపడి చేరిన ప్రతివాడికీ ఇంటికి వెళ్లేటప్పుడు ఒక మ్యాటు ఉచితం. ఒక చేతికి పిండికట్టు, రెండో చంకలో చుట్టిన మ్యాటుతో కుర్రాళ్లు గేటు దాటుతుంటే బయట స్నేహితులు చప్పట్లు కొట్టేవారు.

చౌరస్తా బాత్రూము కుర్రాడు తర్వాతి బంద్‌కి మళ్లీ వచ్చాడు. మ్యాట్ ఇచ్చాం గదరా అని నజీర్ అడిగితే, "పరిచేటంత టైమియ్యలే సార్" అన్నాడు.

ప్రసాద్ గారు అమాయకులనుకుని ఒకరోజు నెమ్మదిగా విషయం చెప్పాను. ఆయన లేచి తలుపు వేశారు. "ఏమండీ, నాకూ ఆ వయసు కొడుకులున్నారండి. ఎవరైనా వచ్చి గ్రాఫులో ఈ కడ్డీ ఏంటని నిలదీస్తే, ఇదిగో చర్య తీసుకున్నామని చూపించడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉండాలిగా. మ్యాటు ఉంది" అన్నారు.

మనిషిగా ఆయనకు నేను నూటికి నూరు వేస్తాను. రికార్డుగా ఆ కాగితానికి సున్నా. దయతో రాసిన అబద్ధాన్ని కూడా అంకె అబద్ధంగానే మోస్తుంది. పదేళ్ల తర్వాత ఎవడో పెద్దమనిషి ఆ గ్రాఫు చూసి ఊరంతా బాత్రూము టైల్సు మార్పించమంటాడు. మరి నా కుర్చీలో కూర్చున్నవాడు ఏం చెయ్యాలి? డాక్టర్ రాసింది బాత్రూము. నాకు తెలిసింది లాఠీ. ఏ అంకె వెయ్యాలి? నా లావు పుస్తకంలో రెండింటికీ అంకెలున్నాయి. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు లేదు.

ఒకటే కోర్సు

సరిగ్గా అప్పుడే సిస్టర్ మేరీ తన కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఆమె క్యాజువాలిటీలో హెడ్ నర్సు. గుంటూరు నుంచి వచ్చి బాచుపల్లిలో స్థిరపడిన కుటుంబం. కూతురు షారోన్ అప్పుడే బీఎస్సీ పూర్తిచేసింది. ఆరోగ్య రికార్డుల పనిలోకి రావాలని ఆ పిల్ల కోరిక.

"బ్రదర్, ఒకటే కోర్సు" అంది మేరీ. "రెండోది చేయించే ఓపిక మాకు లేదు. ఇది కుదిరితే కుదిరినట్టు. లేకపోతే బాచుపల్లి స్కూల్లో ఎల్కేజీ టీచరు. ప్రిన్సిపాలమ్మకి మాటిచ్చేశాను."

షారోన్ చెయ్యి చాపి చూపించింది. మణికట్టు పైన చిన్న చిన్న పంటి గాట్లు. సెలవు మీదున్న టీచరు బదులు ఆ ఎల్కేజీలో కొద్దిరోజులు పనిచేసిందట. మనిషి కాటుకు కూడా మా పుస్తకంలో అంకె ఉంది. చెబుదామనుకుని, ఆ పిల్ల ముఖం చూసి ఊరుకున్నాను.

వాళ్ల చేతిలో మూడు కోర్సులున్నాయి. మొదటిది అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థ. నెలన్నరలో కోడింగు నేర్పి, పరీక్షకు పంపి, హైటెక్ సిటీలో ఉద్యోగం ఇప్పిస్తామంటారు. రెండోది ఎక్కడో వేరే రాష్ట్రపు దూరవిద్య సర్టిఫికెట్. దాని స్టడీ సెంటరు గచ్చిబౌలిలో ఒక బేకరీ మీద. మూడోది నానక్‌రామ్‌గూడ అవతల, ఒక ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న కాలేజీలో రెండేళ్ల డిప్లొమా. మేరీ మనసు అమీర్‌పేట మీద ఉంది. కోడింగు కంపెనీ వాళ్లు ఆడపిల్లల కోసం ఇంటి ముందుకు క్యాబు పంపుతారని ఎవరో చెప్పారు. ఆ క్యాబు ఆమె కళ్లలో అప్పటికే వాళ్ల సందులో ఆగి హారన్ కొడుతోంది.

ఇలాంటి పని నాకు అప్పగించాక ఊరుకుంటానా? పట్టిక వేశాను. ఫీజుకి ఇన్ని మార్కులు, పట్టే కాలానికి ఇన్ని, పాఠం చెప్పేవాళ్లకు ఇన్ని, శరీర నిర్మాణం నేర్పుతారా లేదా అన్నదానికి ఇన్ని, ఉద్యోగానికి ఇన్ని. అమీర్‌పేట వెంట్రుకవాసి తేడాతో మొదట వచ్చింది. దాని బలమంతా నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్న ఒక్క గడిలో ఉంది. ఫోన్ చేసి ఆ నూరు శాతం చేరినవాళ్లలోనా, పూర్తిచేసినవాళ్లలోనా అని అడిగాను. అవతలాయన "ప్లేస్ అయినవాళ్లలో సార్" అన్నాడు. ఆ గడి కొట్టేశాను. దూరవిద్య మొదటి స్థానంలోకి వచ్చింది.

మేరీ వచ్చి క్యాబుకి మార్కులేవీ అంది. క్యాబుకి గడి గీశాను. మళ్లీ అమీర్‌పేట. డాక్టర్ నజీర్ అటుగా వచ్చి చూసి, క్యాంటీన్ ఎట్లుంటదో రాయలే ఏంది అన్నాడు. ప్రసాద్ గారు బ్రాండు వేల్యూ అన్నారు. కొత్త గడి కలిసినప్పుడల్లా కొత్త విజేత. ఆఖరికి పట్టిక రెండు కాగితాలు దాటింది. అందులో నేను నేర్చుకున్నది ఒకటే. గడులు గీసేవాడు తనకు కావలసిన కోర్సునే గెలిపిస్తాడు. మీకు ఎవరైనా కోర్సుల ర్యాంకులు చూపిస్తే, గడులు ఎవరు గీశారో ముందు అడగండి.

షారోన్ ఇదంతా చూస్తూ కూర్చుంది. తల్లికి అన్నం క్యారియరు తెచ్చినప్పుడల్లా క్యాజువాలిటీలో కబుర్లు వినేది గనక బాత్రూముల సంగతి ఆ పిల్లకు తెలుసు.

"అంకుల్, మార్కులొద్దు. మూడు చోట్లకీ వెళ్లి ఒకటే ప్రశ్న అడుగుతాను. షీటులో బాత్రూములో జారిపడ్డాడని ఉంది, ఒంటి మీద లాఠీ గుర్తులున్నాయి, ఏ కోడ్ వేస్తారు అని. ఎవరు ఏం చెబుతారో చూద్దాం."

"జవాబు నాకే తెలీదు గదమ్మా, ఎవరిది రైటో ఎట్లా తెలుస్తుంది?"

"తెలుస్తుందేమో చూద్దాం" అంది.

గరిటె పట్టిన సారు

అమీర్‌పేటలో షారోన్ ప్రశ్న ముగిసేలోపే జవాబు వచ్చిందట. "స్లిప్ అండ్ ఫాల్. నెక్స్ట్ చార్ట్." లాఠీ గుర్తుల సంగతి అని నసిగితే, "నువ్వు చార్టు చదవకూడదమ్మా, స్కాన్ చెయ్యాలి. చదివితే టార్గెట్ పోతుంది" అన్నాడట ఆ శిక్షకుడు. అతణ్ణి నేను తప్పుపట్టను. కోడింగు కంపెనీలో రోజుకిన్ని షీట్లని లెక్క ఉంటుంది. వాళ్ల బతుకు అది. కానీ వేగం నేర్పడం వేరు, చదవొద్దని నేర్పడం వేరు.

బేకరీ మీద స్టడీ సెంటర్లో ఇన్‌ఛార్జి పాఠాల పుస్తకం ముందూ వెనకా తిప్పి, ఇది రెండో సంవత్సరం సిలబస్‌లో రావచ్చు, ఫీజు కట్టాక మెటీరియల్ పోస్టులో వస్తుంది, అందులో చూసుకోండి అన్నాడట. షారోన్ ఒక ఎగ్ పఫ్ తిని వచ్చేసింది. పఫ్ బాగుందని ప్రత్యేకంగా చెప్పింది.

మూడో చోటికి వెళ్లిన రోజున వంటావార్పు. ఆ రోజులు చూడనివాళ్లకు చెప్పాలి. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, దారిన పోయే అందరికీ వడ్డించి, అలా రోడ్డు ఆపేసేవారు. రాకపోకలు ఆగిపోయినా కడుపు నిండేది. నానక్‌రామ్‌గూడ దాకా షేర్ ఆటోలో వెళ్లి, అక్కణ్ణుంచి నడిచి కాలేజీ చేరేసరికి గేటుకు తాళం. గేటు ముందు రోడ్డు మీద పెద్ద గుండిగలో పప్పు ఉడుకుతోంది. చొక్కా చేతులు మడిచి, తెడ్డంత గరిటెతో పప్పు కలుపుతున్నాయన్ని పట్టుకుని రికార్డుల డిప్లొమా సార్ ఎక్కడుంటారని అడిగింది.

"నేనే బిడ్డా. యాదగిరి. ఎక్కడికెళ్లి వచ్చినవ్?"

బాచుపల్లి అంది. మాట తీరు విని పక్కనున్నావిడ, అసలు ఊరేదని అడిగింది. షారోన్ భయపడి, పుట్టింది కూడా బాచుపల్లే అంది. యాదగిరి సారు నవ్వి విస్తరి చేతికిచ్చాడట. "జర ముందు తిను. మా లొల్లి నీ మీద గాదు."

తింటూ ప్రశ్న అడిగింది. ఆయన గరిటె ఆపేశాడు.

"నాకు తెల్వదు" అన్నాడు చివరికి. "నువ్వేమనుకుంటున్నవ్?"

"కొట్టారనే అనుకుంటున్నానండి."

"అనుకున్నది రాయొద్దు. గట్లని ఉన్నది కండ్లు మూసుకొని గూడ రాయొద్దు. అడగాలె. ఎవర్ని అడగాలె, ఎట్ల అడగాలె, అది నాకు పక్కా తెల్వదు. మా ఆసుపత్రి డాక్టర్‌సాబ్‌ని అడిగి చెప్త. నీ నంబరియ్యి."

ఈలోగా పప్పు అడుగంటింది. చుట్టూ ఉన్నవాళ్లంతా సారును తిట్టారు. ఆయన గరిటె ఇంకొకరికిచ్చి, ఆమె నంబరు సెల్‌లో వేసుకున్నాడు.

షారోన్ ఇదంతా చెబుతుంటే మేరీ తల పట్టుకుంది. ఒకాయన ఠక్కున జవాబు చెప్పాడు, ఒకాయన పుస్తకంలో ఉందన్నాడు, ఒకాయన తెలియదన్నాడు, ఈ పిల్ల తెలియదన్నవాడి ఫోన్ కోసం కూర్చుందేమిటి బ్రదర్ అని నన్ను నిలదీసింది. నేను పట్టికలో తెలియదనడానికి ఒక గడి గీసి, దానికి మార్కులు కలపాలో తీసెయ్యాలో తోచక ఖాళీగా వదిలేశాను.

సగం షట్టరు

ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. అమీర్‌పేట బ్యాచికి గడువు దగ్గరపడింది. డిప్లొమాకి కూడా అంతే. చెప్తానన్న మనిషి చెప్పడని, చెప్పేవాళ్లయితే ఆ రోజే చెప్పేవారని మేరీ తేల్చేసింది. ఒకరోజు డ్యూటీ దిగాక కూతుర్నీ, సాక్షిగా నన్నూ వెంటబెట్టుకుని ఫీజు కట్టడానికి అమీర్‌పేట బయలుదేరింది. షారోన్ దారంతా సెల్ చేతిలో పట్టుకుని మణికట్టు మీద పంటి గాట్లు తడుముకుంటూ కూర్చుంది. ఆ పిల్లకు ఎల్కేజీ ఒక వైపు, చదవకుండా స్కాన్ చేసే బతుకు ఇంకో వైపు.

ఆ రోజూ బంద్ పిలుపే. సంస్థ మాత్రం సగం షట్టరు మీద నడుస్తోంది. షట్టరు నడుము దాకా దించి, అందరం వంగి లోపలికి దూరాలి. ఊరేగింపు వస్తే మొత్తం దించేస్తారు, వెళ్లాక మళ్లీ సగం ఎత్తుతారు. ఆ రోజుల్లో సగం హైదరాబాద్ వ్యాపారం అలా వంగే జరిగింది. మేము దూరి కౌంటరు దగ్గర నిలబడ్డామో లేదో బయట నినాదాలు వినిపించాయి. షట్టరు పూర్తిగా దిగింది. ఫ్యాను ఆపేశారు. చీకటి, చెమట. నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్న బోర్డు ఒక్కటే బ్యాటరీ మీద వెలుగుతోంది.

"ఎలాగూ బయటికెళ్లలేరు గదా మేడం, ఈలోపు ఫీజు కట్టేస్తే పనైపోతుంది" అన్నాడు కౌంటరు అబ్బాయి, సెల్ లైటు వేసి రసీదు పుస్తకం తీస్తూ. మేరీ సంచీ తెరిచింది.

అప్పుడు షారోన్ ఫోన్ మోగింది. బయట ఊరేగింపు వినేస్తుందని లోపలున్నవాళ్లంతా ఆమె మీద కసిరారు. ఆమె బల్ల కిందికి దూరి మాట్లాడింది. యాదగిరి సారు గొంతు మాత్రం ఊరేగింపంత పెద్దది. మా అందరికీ వినపడింది.

"బిడ్డా, ఆలస్యమైంది. డాక్టర్‌సాబ్ సమ్మెల తిరుగుతుండు, ఇయ్యాల దొరికిండు. ఇను. మనం లాఠీ అని సొంతంగ రాయొద్దు. డాక్టర్‌కు కాయితం మీద ప్రశ్న పంపాలె, గాయం గిట్లున్నది, కారణం గట్లున్నది, జర మళ్ల చూడుండ్రి అని. ఆయన మార్చి రాస్తే మారినదానికి కోడ్. మార్చకుంటే ఉన్నదానికే కోడ్. గని నువ్వు అడిగినట్టు ఫైల్ల ఉండాలె. పోలీసులకు చెప్పాల్నా లేదా అన్నది గూడ డాక్టరే తేల్చాలె, మనం గాదు. సమజైందా? మంచి ప్రశ్న అడిగినవ్. వచ్చే ఏడు పరీక్షల ఇస్త."

షారోన్ బల్ల కిందినుంచి బయటికొచ్చింది. నా లావు పుస్తకంలో లేని జవాబు అది. ఇంత సులువుగా ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. నేను ఏ అంకె వెయ్యాలా అని మాత్రమే ఆలోచించాను. అడగడమన్నది ఈ పనిలో భాగమని నాకు నేర్పినవాళ్లు లేరు, సొంతంగా నేర్చుకున్నవాడికి అదే చిక్కు.

మేరీ మాత్రం కరగలేదు. "గరిటె పట్టుకున్నాయన మాట నమ్మి రెండేళ్లు పోగొట్టుకుంటావా?"

"అమ్మా, డ్యూటీలో డాక్టరు నీకు తెలియని మందు రాస్తే ఏం చేస్తావు?"

"అడుగుతాను."

"అడక్కుండా ఇచ్చేసే నర్సు మీ వార్డులో ఉంటే?"

"ఒక్క పూట ఉండనివ్వను" అంది మేరీ. అనేసి, తను ఏమన్నదో తనే విని, సంచీ జిప్పు మూసేసింది. కౌంటరు అబ్బాయి రసీదు పుస్తకం సర్దుకుని, ఎల్కేజీ టీచరులాగా ప్రశ్నలేస్తోందేంటి మేడం అన్నాడు, ఆ ఎల్కేజీ సంగతి ఏమీ తెలియకుండానే.

షట్టరు సగం లేచింది. వంగి బయటికొచ్చాం.

చేరబోయేవాళ్లకు

కోర్సు చూడ్డానికి వెళ్లినప్పుడు గోడ మీది బోర్డులు చదవకండి. అక్కడ నిజమైన కేసు షీట్లు పిల్లలకు చూపిస్తారా, ఆసుపత్రి రికార్డుల గదిలో కొన్నాళ్లు కూర్చోబెడతారా, శరీరం గురించి చెబుతారా లేక అంకెలే బట్టీ వేయిస్తారా, పూర్తిచేసినవాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇస్తారా, ఇవి అడగండి. చిన్న కోర్సులన్నీ చెడ్డవని నేననను. కోడింగు కంపెనీకి వెళ్లాలనుకుని, జీవశాస్త్రమో నర్సింగో చదివి ఉంటే అవి సరిపోవచ్చు. పెద్ద కోర్సులన్నీ మంచివనీ అనను. రెండేళ్లపాటు హాజరు తప్ప ఏమీ నేర్పనివి నేను చూశాను. యాదగిరి సారు దగ్గరే చేరిన షారోన్‌కి ఆ రెండేళ్ల కోర్సు బంద్‌ల వల్ల రెండున్నరేళ్లు పట్టింది. పరీక్షలు ఎన్నిసార్లు వాయిదాపడ్డాయో లెక్క ఆపేశాను. లెక్క ఆపడం నా జీవితంలో అదొక్కసారే.

మీరు ఎంచుకునే చోట మీకే జవాబు తెలియని ప్రశ్న ఒకటి అడగండి. ఎంత త్వరగా చెప్పారన్నది చూడకండి. తెలియనప్పుడు ఏం చేశారో చూడండి.

నా వంతు

కళ్లజోడు అద్దాలు నా లావు పుస్తకంతో పోటీ పడుతుంటే యాభై దాటిన కొద్దికాలానికే ఉద్యోగం మానేశాను. తర్వాత ఒకనాడు పొద్దున, నేనే బాత్రూములో జారిపడ్డాను. నిజమైన బాత్రూములో, నిజంగా జారి. మణికట్టు విరిగింది. పాత ఆసుపత్రికే తీసుకెళ్లారు. కట్టు వేశారు, రెండోనాడు ఇంటికి వెళ్లొచ్చన్నారు. కానీ కాగితాలు కదలవు. మధ్యాహ్నమైనా కదలవు. ఎవరు ఆపారయ్యా అంటే రికార్డుల మేడం అన్నారు.

కాసేపటికి ఫైలు పట్టుకుని షారోన్ వచ్చింది. ఇప్పుడు నా పాత గదికి తనే పెద్ద.

"అంకుల్, షీటులో కింద పడ్డారు అని మాత్రమే ఉంది. ఎక్కడ, ఎలా అన్నది లేదు. డాక్టర్‌కి క్వెరీ పంపాను."

"బాత్రూములోనమ్మా. నేనే చెబుతున్నా గదా."

"నిజంగా బాత్రూమేనా?" అంది, నా వీపు వైపు తొంగిచూస్తూ.

"నిజంగా బాత్రూమే" అన్నాను. జీవితమంతా ఆ మాట రాసిన కాగితాలు నమ్మనివాణ్ణి, నా మాట ఒకరు నమ్మకపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

డాక్టర్ నజీర్ భోజనం మధ్యలో లేచి వచ్చాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. "లెక్కల్ సాబ్, ఇన్నేండ్లకు ఒక అసలు బాత్రూము కేసు దొరికింది నాకు" అంటూ పెన్ను తీశాడు. "మ్యాట్ ఏస్కోలేదా?"

"వేసుకున్నా. దాని అంచు చుట్టుకుపోయి ఉంది. దాని మీదే జారాను."

ఆయన నవ్వుతూనే అంతా వివరంగా రాసి సంతకం పెట్టాడు. షారోన్ మొత్తం చదివింది. పెన్ను చెవి వెనక పెట్టుకుని, ఆ మ్యాటు ఎక్కడిదో కూడా అడగనా అంది. వారోత్సవంలో మిగిలిన మ్యాట్లు సిబ్బందికి పంచిన సంగతి నాకూ నజీర్‌కీ తెలుసు. ప్రసాద్ గారు ఇంకా పై అంతస్తులోనే ఉన్నారు. నేనూ డాక్టరూ ఒకేసారి వద్దన్నాం.

అడిగింది.